వారం రోజుల క్యాంపు, వందేళ్ల ఆస్పత్రి

గౌరిబిదనూరు తాలూకా నాగరగెరె హోబ్లిలో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. ఒంట్లో బాగా లేకపోతే ఒకరు హిందూపురం బస్సెక్కుతారు, ఇంకొకరు గౌరిబిదనూరుకు పోతారు. జబ్బు ముదిరితే చిక్కబళ్లాపురం, అక్కడా కుదరకపోతే బెంగుళూరు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, తోడు వచ్చే మనిషి కూలి అన్నీ లెక్క వేసుకున్నాకే ఇక్కడ ఎవరైనా డాక్టరు దగ్గరికి బయల్దేరతారు. ఊళ్లోకే డాక్టర్లు వస్తున్నారంటే జనం పోగవడంలో వింతేముంది?

కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులో ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. విదేశీ చర్చి బృందాలు ఎంచుకునేది సాధారణంగా ఇలాంటి చోట్లనే. అమెరికాలోనో కొరియాలోనో ఒక సంఘం ఆదివారం కానుకలు కూడబెడుతుంది. పదిమంది ప్రయాణమవుతారు. వాళ్లలో డాక్టర్లు ఒకరో ఇద్దరో, నర్సులు ఇద్దరు, మిగతావాళ్లు కాలేజీ పిల్లలు, రిటైరైన టీచర్లు. పెట్టెల్లో సగం బట్టలు, సగం మందులు. బడి వరండాలో బల్లలు వేస్తారు. ఒక బల్ల దగ్గర బీపీ, ఒక బల్ల దగ్గర షుగర్, ఆ పక్కన డాక్టరు, ఆయన చెవి దగ్గర మాటలు తిప్పి చెప్పే కుర్రాడు. చివరి బల్ల మీద మందులు. చదువు రానివాళ్ల కోసం కవరు మీద పెన్నుతో సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీస్తారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని దాని అర్థం. మరుసటి రోజు మధ్యాహ్నం దగ్గర్లోని అనాథాశ్రమానికి వెళ్తారు. పిల్లలు వరుసగా నిలబడి పాట పాడతారు. బిస్కెట్లు, బొమ్మలు, ఫోటోలు. వారం తిరిగేసరికి బృందం బెంగుళూరు విమానాశ్రయంలో ఉంటుంది.

సొంత సెలవు, సొంత డబ్బు పెట్టుకుని ఇంత దూరం వచ్చేవాళ్ల మనసును శంకించాల్సిన పని లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కవర్లోని మాత్రలు పదిహేను రోజులకే. బీపీ మాత్రం బతికినన్నాళ్లూ ఉంటుంది. పదహారో రోజున ఆ మనిషి ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు ఈ నేల మీదే ఉన్నారు. వాళ్లు కూడా విదేశాల నుంచి చర్చి పంపగా వచ్చినవాళ్లే.

చిక్కబళ్లాపురంలో మిషన్ ఆస్పత్రి అంటే చిన్నపిల్లలైనా దారి చూపిస్తారు. లండన్ మిషనరీ సొసైటీ దాన్ని 1913లో మొదలుపెట్టింది. ఆ సొసైటీకి చాలాకాలం విదేశాంగ కార్యదర్శిగా ఉన్న రాల్ఫ్ వార్డ్‌లా థాంప్సన్ పేరు పెట్టారు. కట్టించిన డాక్టరు టి.వి. క్యాంప్‌బెల్. అప్పటికే ఆయన 1890ల నుంచీ కడప జిల్లా జమ్మలమడుగులో వైద్యం చేసి, అక్కడొక ఆస్పత్రి నిలబెట్టినవాడు. జమ్మలమడుగు ఆస్పత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఒక జీవితకాలంలో రెండు తెలుగు ఊళ్లకు రెండు ఆస్పత్రులు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక చిక్కబళ్లాపురం ఆస్పత్రి దాని కిందికి వచ్చి సీఎస్ఐ ఆస్పత్రి అయింది. పక్కనే కోలారులో అమెరికన్ మెథడిస్టులు 1910లో స్థాపించిన ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆస్పత్రిని జనం పొడుగు పేరుతో పిలవరు, ఈటీసీఎం అంటారు.

వీళ్లు రావడం కంటే ఉండిపోవడం ముఖ్యం. గుంటూరు కథ చూస్తే ఉండిపోవడమంటే ఏమిటో తెలుస్తుంది. అన్నా కూగ్లర్ పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరులో దిగింది. ఆమెను పంపినవాళ్ల ఉద్దేశం వైద్యం కానే కాదు, పరదా చాటు ఆడవాళ్లకు చదువు చెప్పడం. డాక్టరు వచ్చిందన్న వార్త పొక్కాక జనం ఊరుకుంటారా? మగ డాక్టరు నాడి పట్టుకోవడానికే ఒప్పుకోని ఇళ్లలో కాన్పులు కష్టమై ప్రాణాలు పోతున్న కాలమది. మందులిచ్చే చిన్న గది మొదలైంది. పూర్తి స్థాయి ఆస్పత్రి తలుపు తెరిచింది మాత్రం 1898లో. పదిహేనేళ్లు! వారం రోజుల ప్రయాణాల లెక్కలో ఇది ఊహకందని ఓపిక. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. అప్పటికి అక్కడి ఆడపిల్లలు నర్సులుగా తయారయ్యారు.

బాగేపల్లి, చింతామణి వైపు పెద్ద జబ్బుకు వేలూరు పేరు ఇప్పటికీ చెబుతారు. ఆ వేలూరు పేరు వెనక ఉన్న ఐడా స్కడర్ రాణిపేటలో పుట్టిన అమెరికన్ మిషనరీ కుటుంబపు బిడ్డ. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు విడివిడిగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమని అడిగారు. అప్పటికి ఆమెకు వైద్యం రాదు, వాళ్లకేమో మగ డాక్టరు వద్దు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె వెళ్లి డాక్టరీ చదివి 1900లో తిరిగొచ్చింది, 1902లో ఆస్పత్రి కట్టించింది. అక్కడితో ఆగితే ఆమె మంచి డాక్టరుగా మిగిలేది. 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల పెట్టింది, 1922లో తొలి బృందం 14 మంది పట్టా పుచ్చుకున్నారు. ఆమె గుడియాత్తం దారిలో నడిపిన రోడ్డు పక్క వైద్యంలో ఇంకో కిటుకు ఉంది. బండి ప్రతి వారం అదే రోజు, అవే చెట్ల కింద ఆగేది. పుండు కట్టు మార్చుకోవాల్సినవాడికి తన రోజు ఏదో తెలుసు. క్యాంపుకూ వైద్యానికీ తేడా అక్కడ ఉంది, భవనాల్లో లేదు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరం కథ చింతామణివాళ్లకు మరీ దగ్గరిది. క్షయకు మందే లేని రోజుల్లో, 1915లో, కొన్ని మిషన్లు కలిసి అక్కడ శానటోరియం తెరిచాయి. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అదే చికిత్స. మొదటి సూపరింటెండెంటు డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆయన తర్వాత కొడుకు యోహానెస్ అదే పని పట్టుకున్నాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లను ఏళ్ల తరబడి పరీక్షించి రాసిన లెక్కలను ప్రపంచమంతా చదివింది. రెండు తరాలు ఒకే చోట కూర్చుంటే తప్ప అలాంటి లెక్కలు పుట్టవు.

అయితే వచ్చి వెళ్లిపోయేవాళ్లు చేయగలిగిందేమీ లేదా? ఉంది. ఒకసారి చేస్తే చాలనిపించే పనులు కొన్ని ఉన్నాయి. కంటిలో శుక్లం తీయడానికి పట్టేది నిమిషాలే, మర్నాడు కట్టు విప్పగానే మనవడి మొహం కనిపిస్తుంది. గ్రహణం మొర్రి ఆపరేషన్ కూడా అంతే. కానీ ఆ పనులకూ తర్వాత చూసుకునే మనిషి కావాలి. 2014లో పంజాబులోని గురుదాస్‌పూర్ జిల్లా ఘుమాన్‌లో ఒక ధర్మ కంటి శిబిరంలో ఆపరేషన్లు చేయించుకున్న పదుల మంది ముసలివాళ్లకు కళ్లు చీము పట్టి చూపు పోయింది. అక్కడ చేసింది మన దేశం డాక్టర్లే. తప్పు రంగులోనో పాస్‌పోర్టులోనో లేదు, శుభ్రతను, ఆ తర్వాతి రోజుల్ని లెక్కలోకి తీసుకోని తొందరలో ఉంది.

గ్రహణం మొర్రి విషయంలో ఈ పాఠం ఒక పెద్ద సంస్థనే చీల్చింది. 1982లో అమెరికాలో పుట్టిన ఆపరేషన్ స్మైల్ డాక్టర్లను విమానాల్లో దేశదేశాలకు పంపేది. ఆ పద్ధతి నచ్చనివాళ్లు 1999లో స్మైల్ ట్రైన్ పెట్టారు. వీళ్ల లెక్క సూటిగా ఉంటుంది. విమానం టికెట్ల డబ్బు ఆ ఊరి సర్జన్‌కే ఇస్తే, శిక్షణ కూడా ఇస్తే, అతను ఏడాది పొడుగునా ఆపరేషన్లు చేస్తాడు. పిల్లవాడికి మాట సరిగా రాకపోతే మళ్లీ ఎక్కడికి తీసుకుపోవాలో తల్లికి తెలుస్తుంది. ఈ పద్ధతి ఇండియాలో బాగా వేళ్లూనింది.

నాగరగెరె, బాగేపల్లి వైపు క్యాంపుకొచ్చే రోగుల్లో మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పులు ఎక్కువ. నొప్పి మాత్రలు ఇచ్చి పంపుతారు. కొన్ని ఊళ్లలో ఆ నొప్పికి మూలం బోరు నీళ్లలో ఉంది. చిక్కబళ్లాపురం జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. అంత లోతు రాతి పొరల నీళ్లలో ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు పడతాయి, పెద్దలకు కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. ఒకసారి ఎముక బిగిశాక మందు లేదు. ఇక్కడ వైద్యమంటే ఊళ్లో ఫిల్టర్ నీళ్ల యంత్రం నడవడం, పాడైతే బాగు చేసేవాడు ఉండడం, వాన నీళ్లు పట్టుకునే తొట్టి కట్టడం. ఫోటోలో ఇవేవీ అందంగా పడవు.

విదేశీ డబ్బు ఇలాంటి చప్పగా కనిపించే పనికి వచ్చిన ఉదాహరణ బాగేపల్లిలోనే ఉంది. 1970ల చివర మొదలైన ఆడాట్స్ అనే సంస్థ కూలీ సంఘాలను కూడగట్టింది. కట్టెల పొయ్యి పొగకు దగ్గుతూ వంట చేసే ఆడవాళ్ల ఇళ్లలో 5,500 పేడ గ్యాస్ యూనిట్లు పెట్టే పథకం వేసింది. గాలిలోకి పోకుండా ఆగిన బొగ్గుపులుసు వాయువుకు కట్టే విలువను ప్రపంచ మార్కెట్‌లో అమ్మి, ఆ ఖర్చు రాబట్టింది. 2005లో అంతర్జాతీయ నమోదు పొందిన ఆ పథకంలో స్టెతస్కోపు ఎక్కడా కనబడదు. ఊపిరితిత్తులకు మాత్రం అది ఏ క్యాంపు కన్నా ఎక్కువ చేసింది.

ఇక నిబంధనల మాట. టూరిస్టు వీసా మీద వచ్చినంత మాత్రాన రోగుల్ని చూడటం చెల్లదు. విదేశీ డాక్టరు సేవా పనికైనా సరే ఇక్కడ వైద్యం చేయాలంటే జాతీయ వైద్య కమిషన్ తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. మందుల మీద కూడా కట్టుబాటు ఉంది. దానంగా ఇచ్చే మందుకు, చేరిన నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచీ చెబుతోంది. ఇంట్లో మిగిలిన సీసాలను పెట్టెలో పడేసి తెచ్చే అలవాటు మీద వేటు అది.

చదువు లేకుండా వైద్యం చేయబోతే ఏమవుతుందో ఉగాండా చూసింది. అమెరికాలోని వర్జీనియా నుంచి ఒక యువతి వైద్యం చదవకుండానే జింజా పట్టణానికి వెళ్లి, తిండి లేక చిక్కిపోయిన పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచింది. 2010, 2015 మధ్య అక్కడ 105 మంది పిల్లలు చనిపోయారు. ఇద్దరు తల్లులు కోర్టుకెక్కారు. 2020లో తప్పు ఒప్పుకోలు లేకుండానే రాజీతో కేసు ముగిసింది. ప్రార్థన చేసి వచ్చింది, ప్రేమతో వచ్చింది. డ్రిప్పు పెట్టే చేతికి అవి చాలవు.

అనాథాశ్రమాల సంగతి ఇంకా చిక్కు. అక్కడి పిల్లల్లో నిజంగా తల్లీతండ్రీ లేనివాళ్లు తక్కువ. ప్రపంచవ్యాప్తంగా ఆశ్రమాల్లోని పిల్లల్లో అయిదుగురిలో నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో లెక్క చెప్పింది. కంబోడియాలో 2005, 2010 మధ్య అనాథాశ్రమాలు 154 నుంచి 269కి పెరిగాయి. ఆ అయిదేళ్లలో అనాథలేమీ పెరగలేదు, పెరిగింది టూరిస్టులు. చూడటానికి వచ్చేవాళ్లుంటే చూపించడానికి పిల్లలు కావాలి. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత అమెరికాలోని ఐడహో నుంచి వెళ్లిన పదిమంది బాప్టిస్టు సేవకులు 33 మంది పిల్లల్ని బస్సెక్కించి సరిహద్దు దాటబోతుంటే పోలీసులు పట్టుకున్నారు. అనాథలనుకున్నారట. విచారిస్తే చాలామందికి కన్నవాళ్లున్నారు.

ఇవన్నీ ఎక్కడో జరిగినవి అని తెలుగువాళ్లు అనుకోవడానికి లేదు. 1999లో, మళ్లీ 2001లో తెలంగాణ తండాల నుంచి లంబాడీ పసికందుల్ని కొద్దిపాటి డబ్బుకు కొని, హైదరాబాదు ఆశ్రమాల మీదుగా విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. ఆడపిల్ల, పేదరికం, విదేశీ డాలరు మూడూ ఒకచోట కలిశాయి. ఆ దుమారం తర్వాతే పేదరికం పేరు చెప్పి బిడ్డను వదులుకునే పద్ధతికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. కేంద్రం తర్వాత దేశమంతా తిరిగి లెక్కపెట్టిస్తే పిల్లల సంరక్షణ గృహాలు 9,589 తేలాయి. బాలల న్యాయ చట్టం కింద అప్పటికి నమోదైనవి వాటిలో దాదాపు మూడో వంతే.

చూసి పోయినంత మాత్రాన పిల్లలకు నష్టమేమిటని అడుగుతారు. రొమేనియా రాజధాని బుకారెస్టులో 2000లో మొదలైన ఒక పరిశోధన దీనికి కొంత జవాబిస్తుంది. ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని ఇళ్లకు పెంపకానికిచ్చి, అందరినీ ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్ల లోపు ఇల్లు దొరికిన పిల్లల బుద్ధి, మాట, మనుషులను నమ్మే గుణం ఆశ్రమంలోనే పెరిగినవాళ్లకంటే బాగా ఎదిగాయి. బిడ్డకు కావాల్సింది అదే మనిషి రేపూ ఎల్లుండీ కనబడటం. ప్రతి వారం కొత్త అక్క వచ్చి ఎత్తుకుని, ఏడ్చి, వెళ్లిపోతుంటే బిడ్డ నేర్చుకునేది ఒకటే: ఎవరూ ఉండరని.

ఇక్కడ ఒక న్యాయం చెప్పుకోవాలి. 1876-78 ధాత కరువులో మైసూరు సంస్థానం తన జనంలో అయిదో వంతును పోగొట్టుకున్నప్పుడు, దిక్కులేని పిల్లల్ని చేరదీసినవాళ్లలో మిషన్లున్నాయి. అప్పుడు వాళ్లు నిజంగా అనాథలు. ఆ తర్వాత బోర్డింగులుగా మారిన మిషన్ హాస్టళ్లలో, ఊరి బడి గడప తొక్కనివ్వని దళిత పిల్లలు అక్షరాలు నేర్చుకున్నారు. ఎందరో టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అక్కడి నుంచి వచ్చినవాళ్లే. బోర్డింగుకూ అనాథాశ్రమానికీ తేడా ఒకటుంది. బోర్డింగు పిల్లవాడు సంక్రాంతికో క్రిస్మస్‌కో ఇంటికి పోతాడు. తన ఇంటిపేరు అతనికి తెలుసు.

బాగేపల్లి దాటి అనంతపురం వైపు పోతే విదేశీ ప్రేమకు ఇంకో రూపం కనిపిస్తుంది. విసెంటె ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టి, జెసూట్‌గా 1952లో మన దేశానికి వచ్చాడు. మహారాష్ట్ర మన్మాడులో రైతులతో పనిచేసి, ప్రభుత్వం కన్ను పడి 1968లో దేశం విడిచిపోవాల్సి వచ్చింది. వేలమంది రైతులు రోడ్డెక్కితే తిరిగి రానిచ్చారు. 1969లో వచ్చి చేరిన చోటు అనంతపురం. మఠం వదిలి, ఆంగ్ల పాత్రికేయురాలు అన్నె పెర్రీని పెళ్లాడి, ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపారు. ఆయన 2009లో పోయాడు. స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు ఒక్కో పిల్లవాడి పేరున నెలనెలా డబ్బు పంపుతాయి. ఆ బిడ్డ ఉండేది సొంత ఇంట్లో, తల్లి దగ్గర. పంపిన డబ్బు ఆ ఊరి బడికీ, ఆరోగ్యానికీ, ఇళ్లకూ కలిపి ఖర్చవుతుంది. దాతలు చూడటానికి వస్తే వచ్చేది ఆశ్రమానికి కాదు, ఊరికి. బత్తలపల్లిలో 2000లో ఆస్పత్రి కట్టారు. అక్కడికి స్పెయిన్ డాక్టర్లు వచ్చి పనిచేసి పోతూనే ఉంటారు. ఆస్పత్రి వాళ్లు వెళ్లాక కూడా తెరిచే ఉంటుంది, చీటీ రాసేది తెలుగు డాక్టరే. వచ్చి పోయేవాడికి ఎక్కడ అతకాలో అక్కడ ముందే చోటు ఉంది.

దీనికీ ఒక బలహీనత ఉంది. పెద్ద భాగం డబ్బు బయటి నుంచి రావడం. 2025లో ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కులో పడగానే అనంతపురం జిల్లాలో జనం ఊరేగింపులు తీశారు. ఒక దస్త్రం మీద సంతకం ఆగితే ఆస్పత్రి మంచాలు ఏమవుతాయోనన్న భయం వాళ్లది.

విదేశాలనగానే తెల్లవాళ్లనే తలచుకోవాల్సిన పని ఇప్పుడు లేదు. అమెరికా తెలుగు డాక్టర్లు డిసెంబరు సెలవుల్లో సొంత ఊళ్లలో క్యాంపులు పెడుతున్నారు. తానా లాంటి సంఘాలు కంటి, క్యాన్సర్ శిబిరాలు నడుపుతున్నాయి. డల్లాస్, న్యూజెర్సీల తెలుగు చర్చిల నుంచి కూడా బృందాలు వస్తాయి. వీళ్లకు దుబాసీ అక్కర్లేదు, మేనత్త ఇంట్లోనే భోజనం. పదహారో రోజు ప్రశ్న మాత్రం వీళ్లనూ వదలదు. సొంత ఊరు కాబట్టి దానికి జవాబు చెప్పడం వీళ్లకు తేలిక కావాలి. తాలూకా ఆస్పత్రి డాక్టరుతో కలిసి కూర్చోవడం, ఎవరికి బీపీ ఎంతుందో రాసిన కాగితాన్ని ఆశా కార్యకర్త చేతిలో పెట్టి పోవడం, ఏడాదికి సరిపడా మందుల ఖర్చు స్థానిక ఆస్పత్రికే కట్టడం. ఇవి కష్టమైన పనులు కావు, కాకపోతే చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

పిల్లల విషయంలో దాతలకు చెప్పదగ్గ మాట ఇంకొకటుంది. తండ్రి పోయి, తల్లి కూలికి పోతూ బిడ్డను ఆశ్రమంలో వేద్దామా అనుకుంటున్న ఇంటికి, బిడ్డను ఇంట్లోనే ఉంచి చదివించుకునేందుకు కేంద్రం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తుంది. పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయల ఆదాయం దాటకూడదు. అర్జీ జిల్లా బాలల రక్షణ విభాగంలో పెట్టుకోవాలి. నాగరగెరె, బాగేపల్లి, చింతామణి ఊళ్లన్నిటికీ ఆ ఆఫీసు చిక్కబళ్లాపురంలోనే ఉంటుంది. దారి తెలియనివాళ్లు 1098కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. అర్జీకి ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా లాంటి కాగితాలు అడుగుతారు. కూలి మానుకుని నాలుగుసార్లు తిరగలేక ఈ కాగితాల దగ్గరే చాలామంది తల్లులు ఆగిపోతారు. తోడు వెళ్లి క్యూలో నిలబడటానికి డాక్టరీ పట్టా అక్కర్లేదు.